లంబూ ఆకు, నా వెన్నెముక

ఆ రోజుల్లో అసూయపడటానికి మాకు పెద్ద కారణాలు అక్కర్లేదు, పక్కవాడి కుర్చీ చక్రాలు మన కుర్చీ కన్నా బాగా తిరిగితే చాలు. ఇప్పుడు మా ఇంట్లో అందరూ నన్ను మహా నిదానస్తుడని అనుకుంటారు కానీ, ఇరవై నాలుగేళ్ళ వయసులో, హైటెక్ సిటీలోని ఒక అద్దాల మేడ నాలుగో అంతస్తులో, నేను ఒక రాయిని చూసి కుళ్ళి చచ్చాను. (రాయిని చూసి కాదు, అది దొరికినవాణ్ణి చూసి.)

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న కాలం అది. బంద్ అంటే ఆఫీసు మూసేసి, ఆ పని శనివారం చేయించుకునేవారు. మా టీములో లంబూ అని ఒకడుండేవాడు. ఆరడుగుల పైచిలుకు మనిషి, సొంతూరు తెల్లాపూర్ అవతలే. బంద్ వస్తే మేము గదుల్లో నూడుల్స్ ఉడకేసుకుంటుంటే, వాడు దర్జాగా ఇంటికెళ్ళి అమ్మ చేసిన జొన్నరొట్టె తినొచ్చేవాడు. కోస్తాలో మా ఊరు వెళ్దామంటే నాకు బంద్ రోజున బస్సూ ఉండదు, రైలూ ఉండదు. అసలు కుళ్ళు అక్కడే మొదలైందేమో. ఒక శనివారం వాడు తమ ఊరి ఎండిన వాగులో దొరికిందంటూ అరచేయంత రాయి తెచ్చాడు. లేత పసుపు రాతి మీద నల్లగా, సన్నటి కొమ్మలతో ఆకు అచ్చు. "శిలాజం! కోట్ల ఏళ్ళ నాటిది!" అని ఎవరో అరిచారు. క్షణంలో ఫ్లోరంతా వాడి బల్ల దగ్గరుంది. మూడు నెలలుగా నేను లిఫ్టు దగ్గర గుడ్ మార్నింగ్ చెబుతున్నా తలెత్తని పొడుగు జడ అమ్మాయి కూడా వచ్చి, ఆ రాయిని రెండు చేతులతో పట్టుకుంది. "ఏందిరా, గట్ల దూరంకెల్లి జూస్తున్నవ్? నువ్వు గూడ పట్టుకో, జర పైలం" అన్నాడు లంబూ. పని ఉందన్నాను.

నేను టెస్టర్ని. తప్పులు కనిపెట్టడమే నా ఉద్యోగం. అలాంటిది కోడ్ రాసుకునే లంబూ ఏదో కనిపెట్టడమేమిటి? ఆ కడుపుమంటలో, మేము లోపాలు నమోదు చేసే సాఫ్ట్‌వేర్ తెరిచి ఒక బగ్గు రాసేశాను. "రాయి శిలాజం కాదు. తీవ్రత: ఎక్కువ. బాధ్యుడు: లంబూ." అది టీములో అందరికీ దానంతటదే మెయిల్ పంపుతుందని తెలుసు. అమెరికాలోని క్లయింటుకు కూడా పంపుతుందన్న సంగతి ఆ ఆవేశంలో గుర్తులేదు. ఈ లోపాన్ని ఎప్పటిలోగా సరిచేస్తారో చెప్పమని వాళ్ళు మర్యాదగా జవాబు రాశారు.

మా మేనేజరు కడప మనిషి. "ఏమప్పా, రాయికి గూడా బగ్గు రాస్తివా?" అని తల పట్టుకున్నాడు. "వారంలో రుజువు చెయ్. లేదంటే అందరి ముందర లంబూకి సారీ చెప్పాల." సారీ చెప్పడం కన్నా వాగులో దూకడం నయమనిపించింది. (వాగులో నీళ్ళు లేవు కూడా.) ఒకవేళ అది నిజంగా శిలాజమే అయితే? అప్పుడు నా దగ్గర అంతకన్నా పెద్దది ఉండాలి. ఆ వారంలోనే వచ్చిన బంద్‌కి సిగ్గు విడిచి లంబూనే అడిగాను, వాగు చూపించమని. వాడు ఒక్క ప్రశ్న వేయకుండా బండెక్కించుకున్నాడు.

వాగులో రెండు గంటలు వెతికాను. మిట్టమధ్యాహ్నం, చొక్కా తడిసి ముద్దయ్యాక దొరికింది: బూడిదరంగు బండ, దాని నడుమ పొడుగ్గా గాడి, గాడిలో వరసగా గీతలు. అచ్చం వెన్నెముక! "డైనోసార్!" అని కేకపెట్టాను. లంబూ బండని చూశాడు, నన్ను చూశాడు. "మస్తుందిరా" అని, భుజాన వేసుకుని మోసుకొచ్చాడు.

మియాపూర్‌లో లంబూకి తెలిసిన భూగర్భశాస్త్రం మాష్టారు ఉండేవారు, రెండు రాళ్ళూ పట్టుకుని ఆయనింటికి వెళ్ళాం. ముందు ఆకు రాయిని భూతద్దం కింద పెట్టారు. "ఇది ఆకు కాదు నాయనా. నీళ్ళలో ఉండే మాంగనీసు రాతి పగుళ్ళలోకి పాకితే ఇలా కొమ్మలు వేస్తుంది. చాలామంది మోసపోతారు." నా గుండె గంతులేసింది. గెలిచాను! వెంటనే నా బండని ముందుకు తోసి, "మరి ఇది చూడండి మాష్టారూ" అన్నాను. ఆయన భూతద్దం పక్కన పెట్టేశారు. "దీనికి ఇది అక్కర్లేదు. ఇది కాంక్రీటు. ఆ గీతలు స్లాబులో వేసే ఇనుప చువ్వవి. వయసు మహా అయితే నాలుగేళ్ళు."

మెట్లు దిగగానే వాణ్ణి నిలేశాను. "నీకు ముందే తెలుసు కదరా?"

"వాగులనే తెల్సింది. మా వాగుల ఏ అపార్ట్‌మెంటోళ్ళు సిమెంటు పెళ్ళలు, మలబా పోస్తున్నరో నాకు తెల్వదా? నువ్వు గంత కుషీగ ఉంటివి, చెప్పబుద్ధి కాలే."

"మరి ఇక్కడిదాకా ఎందుకు మోశావు?"

"నాది గూడ ఉత్తదే అయితే ఒక్కణ్ణే పరేషాన్ అయిత గదా. నువ్వు తోడుంటవని."

మర్నాడు ఆఫీసులో లంబూ తన ఆకు ఎలా ఉత్తదైందో అభినయం చేసి మరీ చెప్పాడు. నా బండ ఊసే ఎత్తలేదు. మేనేజరు నా బగ్గు సరైనదేనని ఒప్పుకుని మూసేశాడు. కాగితం మీద గెలిచింది నేనే. కానీ గుంపు మళ్ళీ వాడి బల్ల చుట్టూనే చేరింది, పొడుగు జడ అమ్మాయి అయితే కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వుతోంది. నా వెన్నెముక కథ కూడా చెప్పెయ్యాలని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. అంత ధైర్యం లేని ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. గుంపు వెనక నిలబడి, వీడిలా నేనెందుకు లేనని కుళ్ళుకున్నాను. ఆ కుళ్ళు మాత్రం నాకు ఇప్పటికీ పోలేదు.