చిన్నత్త జడ

మొన్న వేలూరు బస్టాండులో మోకాళ్ళ దాకా జడ ఉన్న ఒక అమ్మాయిని చూసి జనమంతా తలలు తిప్పి చూశారు. వెనకటి రోజుల్లో ఆడవాళ్ళందరికీ అంత జుట్టు ఉండేదని చెబుతుంటారు గానీ, నా చిన్నప్పుడు గుడియాత్తంలో మా వీధి మొత్తానికి అలాంటి జడ మా నాయన చెల్లెలు చిన్నత్తకొక్కదానికే ఉండేది. తలంటుకుని మిద్దె మీద ఆరబెట్టుకుంటుంటే సీకాయ వాసన మా వాకిలి దాకా వచ్చేది. దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. పెద్దయితే నాకూ అంత పెరుగుతుందని అనుకునేదాన్ని. మేస్త్రి పని చేసే మామకు మాత్రం ఆ చూపులు గిట్టేవి కావు.

ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి అత్త మా వంటింట్లో కూర్చుని ఉంది. జుట్టు మెడ దగ్గర ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువగా తెగి ఉంది.

"జడ యాడ పోయింది అత్తా?"

"తిరపతి మొక్కు పాపా. ఇచ్చేసినా."

"మరి గుండు కొట్టలేదే? సామికి సగమే చాలునా?"

అత్త అమ్మ వైపు చూసింది. "చాలులే. నువ్వు పొయ్యి ఆడుకో" అన్నది అమ్మ.

నన్ను తిరుపతికి తీసుకుపోలేదని అలిగి, ఆ రోజంతా అత్తతో మాట్లాడలేదు.

మామ ఆమెను గోడకు అదిమిపెట్టి కత్తెరతో జడ కత్తిరించేశాడని నేను పెద్దయ్యాక అమ్మ చెప్పింది. తర్వాత పెద్దలు నచ్చజెప్పి అత్తను మళ్ళీ ఆ ఇంటికే పంపారు. పంపినవాళ్ళలో మా నాయన కూడా ఉన్నాడు.

మామ పోయి చాలా ఏళ్ళయింది. అత్త ఇప్పటికీ జుట్టును భుజం దాటనివ్వదు. ఎందుకని అడిగితే, "ఇదే అలవాటయిపోయిందమ్మా" అంటుంది.