నిలబడి తిన్నది

మా ఇంట్లో కాళ్ళు కడుక్కుని, పీట మీద కూర్చుని తిన్నదే భోజనం. నిలబడి నోట్లో వేసుకున్నది తిండి కింద లెక్క కాదు. మా తాత ఏకాదశి ఉపవాసాలు గట్టిగా పాటించేవాడు. మధ్యాహ్నం పచార్లు చేస్తూ సామాన్ల గదిలోకి వెళ్ళి, గుప్పెడు వేయించిన శెనక్కాయలు, ఒక బెల్లం ముక్క నోట్లో వేసుకుని నములుతూనే బయటికి వచ్చేవాడు. ఉపవాసం చెడిందని ఎవరూ అనలేదు. దేవనహళ్ళి దగ్గర మాకు ద్రాక్షతోటలు ఉన్న రోజులవి. మా ఇంట్లో పూటకు ముప్పై విస్తళ్ళు లేచేవి.

తోటలు ఒక్కొక్కటిగా అమ్ముడుపోయాయి. ఇల్లూ పోయింది. నేను యలహంకలో అద్దెకుంటూ, బెళ్ళందూరులో ఒక అపార్టుమెంటు సముదాయానికి మేనేజరుగా పనిచేస్తున్నాను. నీళ్ళ ట్యాంకర్లు, ఆగిపోయే లిఫ్టులు, కుక్కల మీద ఫిర్యాదులు నా పని. అక్కడ కుర్రవయసు ఇంజనీర్లు నన్ను పేరు పెట్టి పిలుస్తారు. నేను మాత్రం వీపు వంచకుండా నిలబడి, గారు చేర్చి జవాబిస్తాను. తాత ఆస్తిలో నాకు మిగిలింది ఆయన కూర్చున్న పనసచెక్క పీట. దాని మీదే తింటాను. రెండేళ్ళుగా దాని మీద నుంచి లేవాలంటే గోడ పట్టుకోవలసి వస్తోంది.

మోకాళ్ళు చూసిన డాక్టరు బరువు తగ్గమన్నాడు. హెబ్బాళలో ఆహారం గురించి సలహా చెప్పే ఒకామె దగ్గరికి పంపాడు. అనంతపురం వైపు అమ్మాయి. ఒక నోటుపుస్తకం చేతికిచ్చి, "నెలరోజులు మీరు తినేది ప్రతిదీ రాయండి సార్. ఏదీ స్కిప్ చేయొద్దు" అంది.

రాశాను. పొద్దున రాగిజావ. మధ్యాహ్నం నా భార్య కట్టిచ్చిన డబ్బా. సాయంత్రం పీట మీద ఒక చిన్న రాగిముద్ద, పప్పు, మజ్జిగ.

రాయనిది ఇది. యలహంక నుంచి బెళ్ళందూరు వెళ్ళాలంటే హెబ్బాళలో బస్సు మారాలి. అక్కడ నిలబడి తినే హోటలు ఒకటి ఉంది. పొద్దున ఉప్మాలాంటి ఖారా బాత్ ఒకటి, సాంబారులో ముంచిన రెండు వడలు. వచ్చేటప్పుడు ఒక మసాలా దోసె, వేడిగా ఉంటే తియ్యటి కేసరి బాత్ కూడా. స్తంభం వెనక, గోడ వైపు తిరిగి తినేవాణ్ణి. అబద్ధం రాస్తున్నానని ఆ రోజుల్లో నాకు అనిపించలేదు. నిలబడి తిన్నది రాయాలన్న ఆలోచనే రాలేదనుకునేవాణ్ణి. మరి గోడ వైపు ఎందుకు తిరిగానో నన్ను నేను అడగలేదు.

నెల తర్వాత నా భార్యను తోడు తీసుకుని వెళ్ళాను. బరువు తూస్తే తగ్గకపోగా పెరిగింది. ఆ అమ్మాయి పుస్తకం రెండుసార్లు చదివింది. తర్వాత నా భార్య వైపు తిరిగింది.

"ఇంత తక్కువ తింటే వెయిట్ పెరగదమ్మా. వంటలో ఆయిల్ ఎక్కువేస్తున్నారా?"

నా భార్య తల వంచుకుంది. "మా ఇంట్లో మొదుట్నించీ అట్లే చేస్తామమ్మా. తగ్గిస్తా."

"పోపులో, కూరలో, అన్నింట్లో తగ్గించాలి. సార్ ఇంత కంట్రోల్‌గా ఉంటే మీరు చెడగొట్టకూడదు కదా."

"తప్పు నాదేలే" అంది ఆమె.

నేను కిటికీ వైపు చూశాను. ఆ ఒక్క క్షణంలో నోరు తెరిచి ఉంటే సరిపోయేది. హోటల్లో నిలబడి తింటానని ఒక చిన్నపిల్ల ముందు చెప్పుకోవడమా అనిపించింది. తప్పు భార్య నెత్తిన పడటం మాత్రం చిన్నతనంగా తోచలేదు.

ఆ రోజు నుంచి ఆమె నూనె చెంచాతో కొలిచి వేసేది. సాయంత్రం కడుపులో దోసె ఉన్న నేను రెండు ముద్దలకే చాలనేవాణ్ణి. మా ఇంటి ఆడవాళ్ళు మగవాళ్ళ తర్వాత తింటారు. మగవాడు తిన్నదాని కంటే ఎక్కువ తినరు. మా అమ్మా అంతే. నేను తగ్గించానని నా భార్యా తగ్గించుకుంది. చెల్లెలితో ఫోనులో చెబుతుండగా విన్నాను: "ఆయన పిడికెడు తింటాండాడు పాపం. అంత మనిషి ఆకలి చంపుకుంటాంటే నాకు ముద్ద దిగుతాదా?" ఆ గొంతులో గర్వం ఉంది. వింటూ నేను పళ్ళ సందులో ఇరుక్కున్న కొబ్బరి చట్నీ పలుకును నాలుకతో తీసుకుంటున్నాను.

ఒక ఆదివారం పొద్దున ఆమె పొయ్యి దగ్గర కూలిపోయింది. నుదురు గట్టుకు తగిలి బొప్పి కట్టింది. లేపడానికి వంగబోతే నా మోకాళ్ళు, నా పొట్ట నన్ను వంగనివ్వలేదు. పక్కింటావిడ వచ్చి లేపింది.

ఆ పూటే పరీక్ష చేయించి, రక్తం బాగా తగ్గిపోయిందని డాక్టరు చెప్పి, మళ్ళీ ఆ అమ్మాయి దగ్గరికే పంపాడు.

"ఏం తింటున్నారమ్మా?"

"ఆయన తినేదే."

ఆ అమ్మాయి నా పుస్తకం తెరిచి చూసింది. "ఇది తింటే మీరు పడిపోవడంలో వింత లేదు. ఇదే తిని సార్ మాత్రం ఇట్లా ఎందుకున్నారో నాకు అర్థం కావట్లేదు."

నా భార్య నుదుటి మీద బొప్పి చూస్తూ కూర్చున్నాను. చివరికి చెప్పాను. ఖారా బాత్, వడలు, దోసె, అన్నీ.

ఆ అమ్మాయి కలం కింద పెట్టింది. "పుస్తకంలో ఎందుకు రాయలేదు సార్?"

"నిలబడి తిన్నాను" అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. నా భార్యకు అర్థమైంది. తాత శెనక్కాయల కథ నేనే ఆమెకు ఎన్నోసార్లు నవ్వుతూ చెప్పాను.

బయటికి వచ్చాక, "ఆ హోటలు యాడుండాది? చూపించండి" అంది.

తీసుకెళ్ళాను. వడ్డించే ముసలాయన నన్ను చూసి దూరం నుంచే పలకరించాడు. "రాప్పా సార్. ఆదివారం కూడానా? రెండు వడలు ముంచి పెట్టేదా?"

"ఈయనకు ఏమీ వద్దు. నాకు పెట్టన్నా" అంది నా భార్య.

స్తంభం వెనక్కి పోకుండా అందరి మధ్యా నిలబడి తింది. ఖారా బాత్ అయిపోయాక వడలు, వడలయ్యాక గిన్నెలో మిగిలిన సాంబారు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆమె ఆకలితో తినడం నేను చూడలేదు. ఆమె తినే వేళకు నేను ఎప్పుడూ చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయి ఉంటాను.

సగంలో తలెత్తి, "మీరూ తినండి. ఇది లెక్కలోకి రాదు కదా" అంది.

తినలేకపోయాను. ఎక్కడ చూడాలో తెలియక గోడ వైపు తిరిగాను. అక్కడ రోజూ నేను ఆనుకునే చోట సున్నం అరిగిపోయి ఉంది.

యలహంక బస్సులో ఆమె సంచిలోంచి నోటుపుస్తకం తీసి నా ఒళ్ళో పెట్టింది. పెన్ను చేతికిచ్చింది.

"మొదుట్నించీ రాయండి."

మొదటి రోజు దగ్గర, రాగిజావ కింద ఖాళీలో, ఖారా బాత్ అని రాశాను. బస్సు కుదుపుకు అక్షరాలు వంకర పోయాయి. వడ అని రాసి పెన్ను ఎత్తాను.

"రెండు" అంది నా భార్య, పుస్తకంలోంచి చూపు తిప్పకుండా.