వెళ్లే రోజు ఊడ్చిన గది

మలేషియాలో టూరిజం, హాస్పిటాలిటీ చదువుతూ మొదటి ఏడాది సెలవులకు దబీర్‌పురాలోని మా ఇంటికి వచ్చాను. అక్కడ శిక్షణలో భాగంగా హోటల్ గదులు సర్దేవాళ్లం. మా మేడమ్‌ది ఒకటే మాట: గదిలో అంతకుముందు ఒక మనిషి ఉన్నట్టు తర్వాత వచ్చేవాళ్లకు తెలియకూడదు. దిండు మీద ఒక్క వెంట్రుక దొరికిందని గది మొత్తం నాచేత మళ్లీ సర్దించిన మహాతల్లి. నాతో ఉండే నేపాల్ అమ్మాయి నిద్రలో కూడా దుప్పటి అంచులు మడిచేది.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. నాది నిన్నగాక మొన్న వచ్చిన బుద్ధి, అయినా ఇంటిదాకా వెంట వచ్చింది. లేవగానే పక్క సర్దేదాన్ని, అద్దం తుడిచేదాన్ని, రాలిన వెంట్రుకలు ఏరేదాన్ని. అమ్మ మురిసిపోయింది. చూపు ఆనని నాయనమ్మ మాత్రం, నేను గదిలో నిలబడి ఉండగానే లోపలికి వచ్చి, "పిల్ల యాడ పోయింది?" అని అమ్మను అడిగేది.

"ఈడనే ఉన్న నాయినమ్మా."

"ఉన్నట్టు లేదు బిడ్డా. అడుగుల సప్పుడు లేదు, వాసన లేదు. నాకు గుబులైతుంది."

నవ్వాను. ఆ సాయంత్రమే, హోటల్ గదుల ముందు చేసినట్టే, నా గది తలుపు నేనే మూడుసార్లు తట్టి, జవాబు కోసం నిలబడ్డాను. లోపల ఎవరూ లేరని తెలుసు. అయినా తలుపు తీయడానికి భయమేసింది.

తిరిగి వెళ్లే రోజు పొద్దున దుప్పటి తీసి, గది ఊడ్చి, తడిబట్టతో తుడిచాను. నాయనమ్మ వట్టికాళ్లతో లోపలికొచ్చి ఆగిపోయింది.

"నేల గిట్ల తడిగున్నదేంది?"

"ఊడ్సి తుడిసిన."

ఆమె ముఖం పాలిపోయింది. మా ఇళ్లల్లో మనిషి ప్రయాణమైతే, చేరినట్టు కబురు వచ్చేదాకా ఆ గదిలో చీపురు పట్టరు. మనిషి గడప దాటగానే ఊడ్చి కడిగేది శవం లేచినప్పుడే. నేనైతే దాటకముందే కడుక్కున్నాను.

"నువ్వు మళ్ల రావు," అంది నాయనమ్మ. అన్నం తెప్పించి, మంచం మీద కూర్చోబెట్టి, తన చేత్తో నాలుగు ముద్దలు పెట్టింది. కావాలనే నాలుగు మెతుకులు కింద రాల్చింది. "ఇగ పో. ఇవి గట్లనే ఉండాలె. చేరినవని ఫోన్ వచ్చినంకనే ఊడుస్తం."

ఏడుపొచ్చింది. వంగి ఆమె కాళ్లకు దండం పెట్టి బయటపడ్డాను.

ఆటో రైల్వే స్టేషన్ దాటాక గుప్పిట జిగటగా అనిపించి తెరిచాను. నాలుగు మెతుకులూ అందులోనే ఉన్నాయి. దండం పెట్టేటప్పుడు ఏరి ఉంటాను. ఏరినట్టు నాకు గుర్తే లేదు. అక్కడ నాయనమ్మ, అమ్మను చీపురు ముట్టనివ్వకుండా, ఆ గది గుమ్మంలో కాపలా కూర్చుని ఉంటుంది.