చవితి పాలు, ఇనప సర్పం

ఈ ఉదయం పాలు పొంగి, కాలుతున్న పొయ్యి కమ్మీల మీద పడి మాడాయి. ఆ కమురు వాసనకి వంటింట్లో నిలబడ్డదాన్ని నిలబడ్డట్టే డెబ్బైలనాటి గాజువాకకి, మా నాన్న రేకుల షెడ్డు ముందుకి వెళ్ళిపోయాను.

నాన్న పోర్టులో వెల్డరు. డ్యూటీ దిగి వచ్చి, మోకరించి ప్రార్థన చేసుకుని, ఉప్పుగాలికి తుప్పెక్కిన లంగరు గొలుసులు, అరిగిన పళ్ళచక్రాలు, పాత బోల్టులు ముందేసుకుని కూర్చుంటే, పెరట్లోంచి అమ్మ పెట్టే చేపల పులుసు వాసన, షెడ్డులోంచి కాలిన ఇనుము వాసన కలిసి వస్తుండగా, మేం వెల్డింగ్ రాడ్డు ముక్కలతో నేల మీద గళ్ళు గీసి తొక్కుడుబిళ్ళ ఆడుకునేవాళ్ళం. చూస్తుండగానే ఆ తుక్కులోంచి యారాడ జాలరి భుజాలో, వలలో ఎగిసిన చేపో బయటికి వచ్చేది. ఆ చేతిపని దేవుడిచ్చిందేనని నాన్న నమ్మకం. నాదీ అదే.

అందరూ చూసేచోట ఆయన మొదట నిలబెట్టింది మా చర్చి ఆవరణలోని సర్పాన్ని. బైబిల్లో, ఎడారిలో పాముకాటు తిన్నవాళ్ళు తలెత్తి చూసి బతికిన ఇత్తడి సర్పాన్ని తలుచుకుంటూ, లంగరు గొలుసును చుట్టలు చుట్టి అతికి, మూడు నెలలు చేశాడు. సంఘమంతా మురిసిపోయింది.

ఇంతలో నాగుల చవితి వచ్చింది. కొత్త క్వార్టర్లకని నేల చదును చేసినప్పుడు వెనకవీధి పాముపుట్ట పోయింది. దాంతో పక్కింటి సూరమ్మత్త, ఇంకో పదిమంది ఆడవాళ్ళు, తలంటుకుని, పాలు, చిమ్మిలి, గుడ్లు పట్టుకుని తిన్నగా మా సర్పం దగ్గరికే వచ్చేశారు. పసుపునీళ్ళూ పాలూ గొలుసు మీంచి కారుతుంటే సంఘపెద్ద పరుగెత్తుకొచ్చాడు.

“ఏటి బావా ఇది? చర్చిలో పూజలేటి? ఇప్పుడే కోసీ. నేదంటే ఆదివారం నీకు ప్రభువు బల్ల నేదు!”

జనం ధూపం వేస్తున్నారని బైబిల్లోని ఆ ఇత్తడి సర్పాన్ని తర్వాత ఒక రాజు ముక్కలు చేయించిన సంగతి నాన్నకూ తెలుసు. రొట్టె, ద్రాక్షారసం అందుకోని ఆదివారాన్ని ఆయన ఊహించలేడు. అయినా గ్యాస్ కట్టరు ముట్టలేదు.

“కోసీస్తాను బావా. ఆళ్ళు పొద్దున్నించి పస్తులున్నారు. ముందు పూజవనీ.”

ఆఖరి చెంబు ఖాళీ అయి, ఆడవాళ్ళు వెళ్ళేదాకా గోడవైపు తిరిగి నిలబడ్డాడు. తర్వాత కట్టరు వెలిగించాడు. గొలుసు సందుల్లో నిలిచిన పాలు మాడాయి. నల్లద్దాలు తీసి రెండుసార్లు కళ్ళు తుడుచుకున్నాడు. ఆ ముక్కలతోనే చర్చికి గేటు చేశాడు. ఆదివారం బల్ల దగ్గర అందరికంటే చివర రొట్టె అందుకున్నాడు.

మరుసటి చవితికి తెల్లవారగానే సూరమ్మత్త గ్లాసుతో మా గుమ్మంలో నిలబడింది.

“మా పావుని కోసీసినావు కదేటి అన్నియ్యా, మరి ఈ పాలు నువ్వే తాగు. మీరు నైవేద్దెం ముట్టరని దేవుడికింకా పెట్టనేదులే, ముందు నీకే తెచ్చినాను.”

“అయితే నానేటి, పావునా?”

“ఆ పావే నయం. మాటకి మాట సెప్పీది కాదు!”

నాన్న నవ్వి, కళ్ళు మూసుకుని, స్తోత్రం చెప్పుకుని తాగాడు. అది ఏటేటా సాగింది. ఎనభైల్లో ఆయన చేసిన ఇనప జాలర్లు, చేపలు, పోర్టు కూలీలు పార్కుల్లో, ఆఫీసుల ముందు నిలబడ్డారు. పేపర్లవాళ్ళు వచ్చి ‘శిల్పిగారూ’ అన్నారు. పామును మాత్రం మళ్ళీ చెయ్యలేదు.

ఇప్పుడా షెడ్డు లేదు, అపార్ట్‌మెంట్ లేచింది. చర్చికి మెరిసే స్టీలు గేటు పెట్టారు. నాన్న ప్రభువు సన్నిధికి వెళ్ళాడు. ఆ వెనకే సూరమ్మత్తా పోయింది. ఇవాళ చవితని పక్క ఫ్లాటువాళ్ళు పాలు ఎక్కువ పోయించుకుంటుంటే తెలిసింది. పొయ్యి తుడిచి, పొంగగా మిగిలిన పాలు గ్లాసులో పోసుకుని, స్తోత్రం చెప్పుకుని, గుమ్మంలో నిలబడి తాగాను.