గింజ ఏ కుండలో పడింది

నా చిన్నప్పుడు ఒక మధ్యాహ్నం, అన్నం ముద్ద నోటి దగ్గర పెట్టుకుని ఉండగా, మా ఇంటి వెనక పంటబోదెలో నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. అలాంటి చప్పుడొకటి ఉందని అప్పటిదాకా నాకు తెలియదు. పగలూ రాత్రీ వినిపిస్తూనే ఉండడంతో చెవి దాన్ని పట్టించుకోవడం మానేసింది. అది ఆగాక ఇల్లంతా బోలుగా అయిపోయినట్టనిపించింది. గరిటె పట్టుకున్న మా అమ్మ చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. మా నాన్న కంచంలోనే చెయ్యి కడుక్కుని లేచి చేల వైపు వెళ్ళాడు. మా మేనత్త మాత్రం కూర్చున్నచోటు నుంచి కదల్లేదు. "ఇది నా గురించే," అంది మెల్లగా.

మేం కృష్ణా డెల్టా నుంచి వచ్చినవాళ్ళం. రాయచూరు జిల్లాలో మాన్వి వైపు కొత్తగా కాలువ పారుతోందని, నల్లరేగడి చౌకగా దొరుకుతోందని విని, మావాళ్ళు ఉన్నదమ్ముకుని వచ్చి క్యాంపు పేరుతో కొత్త వాడ కట్టుకున్నారు. చిన్నవయసులోనే భర్త పోయిన మా అత్తయ్య కూడా మాతోనే వచ్చింది. ఒంటి మీదున్న బంగారమంతా అమ్మి మా చేను పక్కనే రెండెకరాలు కొనుక్కుంది. దాన్ని ఏ మగవాడి సాయమూ లేకుండా తనే చూసుకునేది. ఆమె ఎనిమిదో తరగతి దాకా చదువుకుంది. క్యాంపు ఆడవాళ్ళలో పేపరు చదవగలిగింది ఆమె ఒక్కతే.

మధ్యాహ్నం నాట్లవాళ్ళు అన్నాలకి లేచే వేళకి ఆమె మా పశువుల పాకలో చాప పరిచేది. క్యాంపు ఆడవాళ్ళూ, చుట్టుపక్కల ఊళ్ళనుంచి కూలికి వచ్చినవాళ్ళూ అక్కడికే సద్దిమూటలు తెచ్చుకునేవాళ్ళు. వాళ్ళకి ఆమె అక్షరాలకన్నా ముందు వేరే సంగతులు చెప్పేది. పంచాయతీ అంటే ఏమిటి, కాలువ నీటికి మనం కట్టే పన్ను ఎక్కడికి పోతుంది, తూము ఎవరి సొత్తు, అర్జీ ఎవరికి పెట్టుకోవాలి, ఓటు ఎవరిది. ఈ చివరి మాటే ఆమెకి ముప్పు తెచ్చింది.

మా తూము నీళ్ళు ముందు ఒక పెద్ద రైతు పొలాల్లోంచి పారి, ఆ తర్వాతే మా చేలకి వచ్చేవి. ఆయన్ని అందరూ ఎగువాయన అనేవాళ్ళు. సీజన్లో మొదటి నీళ్ళు వచ్చిన రోజు ఆడవాళ్ళు తూము దగ్గర పసుపు కుంకుమలు వేసి దణ్ణం పెట్టుకోవడం అక్కడ మా ఆనవాయితీ. ఎగువాయన దాన్ని తన పనికి వాడుకున్నాడు. ఎన్నికలు దగ్గరపడితే అందర్నీ తన కళ్ళంలోకి పిలిపించి, బిందెడు కాలువ నీళ్ళలో పసుపు కలిపించి, అందులో చెయ్యి ముంచి తన మనిషికే ఓటేస్తామని ఒట్టు పెట్టించుకునేవాడు. ఆ నీళ్ళు ముట్టిన చెయ్యి మాట తప్పితే కాలువ ఎండిపోతుందని జనం నమ్మారు. ఒట్టేసిన చేతిని ఓటు పెట్టె గుర్తుపడుతుందని కూడా నమ్మారు. అత్తయ్య పాఠం దెబ్బకొట్టింది ఆ నమ్మకాన్నే. ఆ సంవత్సరం పంచాయతీ ఎన్నికలు వస్తున్నాయి.

మా నాన్న సాయంత్రం తిరిగొచ్చి బోదెకి అడ్డంగా మట్టి బస్తాలు వేసి ఉన్నాయని చెప్పాడు. పాఠం ఆపితే బస్తాలు తీస్తామన్న ఎగువాయన కబురు కూడా తెచ్చాడు.

"చేలు పొట్ట మీదున్నాయి అక్కయ్యా. ఇప్పుడు తడి లేకపోతే గింజ పాలు పోసుకోదు. నా పిల్లల మొహం చూడు," అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు అంత భయమేసేది కాదు.

"నీ చేను ఎండనివ్వను రా," అంది అత్తయ్య. ఎలాగో చెప్పలేదు.

ఆ రాత్రి నాకు చలిజ్వరం వచ్చింది. కాలువలు వచ్చిన కొత్తలో అది ఇంటింటా ఉండేదే. మర్నాడు మధ్యాహ్నం నన్ను లోపలి గదిలో మంచం మీద పడుకోబెట్టి గొంగళి కప్పారు. బయట పాకలో ఆడవాళ్ళు చేరిన అలికిడి, వాళ్ళ మధ్య మా అత్తయ్య గొంతు వినిపిస్తున్నాయి. పాఠం ఉండాలో ఆగాలో తను ఒక్కతే తేల్చే విషయం కాదని, ఎండేది తన చేనొక్కటే కాదని, పోయేది తన కూలి కాదని, అందుకని అందరూ ఓటేయాలని చెబుతోంది. ముందు బకెట్లో నీళ్ళు పెట్టి, "పాఠం ఆపేద్దాం" అని అందరిచేతా పైకి ఒట్టు పెట్టించింది. రేపు ఎగువాయన అడిగితే ఒట్టేశామని ధైర్యంగా చెప్పొచ్చు, అది అబద్ధం కాదు అంది. ఆ తర్వాత ఒక్కొక్కరికీ ఒక చింతగింజ ఇచ్చింది. లోపలి గదిలో రెండు కుండలు పెట్టింది. పసుపు రాసిన కుండ పాఠం ఉండాలనేవాళ్ళకి, మసి రాసింది ఆగాలనేవాళ్ళకి.

చంద్రబండ నుంచి కూలికొచ్చిన ఒక అవ్వ ఉండేది. ఆమెకి అన్నిట్లోనూ అనుమానమే.

"ఏందక్కా గిది? ఒట్టేసిన చెయ్యితోటే ఇంకో దాంట్ల ఏస్తే కండ్లు పోవా?"

"భయపెట్టి వేయించిన ఒట్టు నీది కాదు అవ్వా, భయపెట్టినవాడిది. గింజ నీది. ఎందులో వేశావో నాక్కూడా చెప్పకు."

"నీకు గూడ జెప్పకుంటే నాకు కడుపు ఉబ్బుతది గద!"

అందరూ నవ్వారు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఒక్కొక్కరే లోపలికి రావడం మొదలుపెట్టారు. మంచం మీద జ్వరంతో పడి ఉన్న పిల్లని ఎవరూ మనిషి కింద లెక్కవేయలేదు. గొంగళి సందులోంచి నాకు కుండలు కనిపిస్తున్నాయి. కళ్ళు మూసుకోవాలని కూడా నాకు తోచలేదు. అవ్వ రెండు కుండలకీ దణ్ణం పెట్టి మరీ వేసింది. కొందరు అటూ ఇటూ చూసి, పాము పుట్టలో చెయ్యి పెడుతున్నట్టు పెట్టి వెంటనే లాగేసుకున్నారు.

మా అమ్మ చివర్లో వచ్చింది. కుండల ముందు చాలాసేపు నిలబడింది. తర్వాత నా దగ్గరికొచ్చి నుదుటి మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి చల్లగా ఉంది. వెనక్కి వెళ్ళి తన గింజని మసి కుండలో వేసింది.

చేటలో పోసి చూస్తే పసుపు కుండ గింజలే ఎక్కువ. పాఠం ఆగలేదు.

ఎగువాయన బస్తాలు పూర్తిగా తీయలేదు, పూర్తిగా మూయనూ లేదు. దారంలా సన్నటి నీళ్ళు వదిలాడు. పూర్తిగా ఎండితే జనం ఎదురుతిరుగుతారు, సగం ఎండితే బతిమాలతారు అని ఆయన లెక్క. ఆ సన్నటి నీటిలో మా నాన్నకీ అత్తయ్యకీ సమాన వంతు ఉంది. అత్తయ్య పార తీసుకెళ్ళి తన మడిలోకి పోయే గండిని మట్టితో పూడ్చేసి, నీళ్ళన్నీ తమ్ముడి చేలోకి మళ్ళించింది. మా నాన్న వెళ్ళి ఆ గండి తెంచాడు. ఆమె మళ్ళీ పూడ్చింది. గట్టు మీద ఒకరు తెంచడం, ఒకరు పూడ్చడం నేను చూశాను. చివరికి మా నాన్న పార అక్కడే పడేసి మొహం తిప్పుకుని వచ్చేశాడు.

జ్వరం తగ్గి నేను బయట తిరగడం మొదలుపెట్టిన ఆ రోజుల్లోనే, ఒకరోజు కాలువ గట్టు మీద ఎగువాయన ఎదురయ్యాడు. నల్ల గొడుగు వేసుకుని ఉన్నాడు. ఎప్పుడూ మాట్లాడని మనిషి ఆగి, వంగి, "ఏమ్మా చిట్టితల్లీ, జ్వరం తగ్గిందా?" అన్నాడు. నాకు జ్వరమొచ్చిన సంగతి ఆయనకెలా తెలిసిందో అర్థం కాలేదు.

"కుండలు పెట్టిన గదిలో నువ్వే పడుకున్నావటగా. మీ అమ్మ బుద్ధిమంతురాలు, ఆపేయమనే వేసుంటుంది. అవునని నువ్వొక్క మాట చెప్పు, సాయంత్రానికి మీ చేలోకి నిండుగా నీళ్ళొస్తాయి. మిగతావాళ్ళు ఎందులో వేశారో కూడా చెప్పావనుకో, మీ నాన్నకి ఇక ఏ బెంగా ఉండదు."

ఇప్పటికీ నన్ను భయపెట్టేది ఆ మాటే. ఆయన నన్ను అబద్ధం చెప్పమనలేదు. నేను చూసిన నిజమే చెప్పమన్నాడు. మా అమ్మ గురించి చెబితే ఆమెకి మేలే జరిగేది. కానీ ఒక్క గింజ గురించి నోరు విప్పితే తర్వాతి గింజ దగ్గర ఎలా ఆగాలో నాకు తెలియదు. అప్పుడు అదంతా ఇలా ఆలోచించానని చెప్పను. గొడుగు నీడ నా కాళ్ళ మీద పడి ఉంది, దాన్నే చూస్తూ నిలబడ్డాను.

"గింజలన్నీ ఒక్కలాగే ఉన్నాయండీ," అన్నాను.

ఆయన నవ్వాడు. నా తల నిమిరి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చి అత్తయ్యకి చెప్పాను. ఆమె నన్ను దగ్గరికి తీసుకుని, భయమేసిందా అని అడిగింది. అవునన్నాను. అంతే. నేను ఆ గదిలో మేలుకునే ఉన్నానని ఆమెకి ఆ క్షణంలో తెలిసిపోయి ఉండాలి. ఎవరు ఎందులో వేశారో, తన తమ్ముడి భార్య ఎందులో వేసిందో తెలుసుకోవాలని ఆమెకి ఎంత ఉండి ఉంటుందో ఇప్పుడు ఊహించుకోగలను. ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా ఎన్నడూ అడగలేదు.

మా నాన్న చేను ఎలాగో పండింది. అత్తయ్య చేను తాలుపోయి, తెల్లబడి నిలబడింది. దాంట్లోకి పశువుల్ని తోలారు. ఎన్నికల్లో ఎగువాయన మనిషే గెలిచాడు, కానీ కళ్ళంలో ఒట్టేసినవాళ్ళలో కొందరి ఓట్లు అతనికి పడలేదు. ఎవరివి పడలేదో తెలుసుకోవడానికి ఆయన మా మొహాలు వెతుకుతూ తిరిగాడు. ఏ మొహమూ చెప్పలేదు. ఆ మీదట ఆయన కళ్ళంలో పసుపు నీళ్ళ బిందె పెట్టలేదు. అత్తయ్య చేలోకి నీళ్ళు కూడా వదల్లేదు. రెండేళ్ళు చూసి ఆమె ఆ పొలాన్ని వచ్చినకాడికి అమ్మేసి, నాట్ల ముఠాలో కూలికి చేరింది. అంతవరకూ తను కూలి ఇచ్చిన ఆడవాళ్ళ పక్కనే బురదలో దిగింది. వాళ్ళు ఆమెని వరసలో మధ్యకి లాక్కున్నారు, రెండు చివరలకీ మాట వినపడాలని. పాఠం ఆ తర్వాత వంగిన నడుములతోనే సాగింది.

ఇప్పుడు నేను రాయచూరు పట్నంలో ఉంటున్నాను. అత్తయ్య కూలి డబ్బుతోనే నాకు కాలేజీ చదువు అయింది. నాకిద్దరు పిల్లలు. వేరుశనగ మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్ళు కొందరు మధ్యాహ్నాలు మా వసారాలో చేరతారు. రేషను కార్డు ఎలా రాయించుకోవాలి, కుళాయి రాకపోతే ఎవరిని అడగాలి, వార్డులో ఓటు ఎవరికి వేశామో మిల్లు మేస్త్రీకి చెప్పాలా అక్కర్లేదా అని మాట్లాడుకుంటాం. ఈ సాయంత్రం పిల్లలు బడినుంచి పిప్పరమెంట్లు చప్పరిస్తూ వచ్చారు. సైకిలు మీద ఒక మామ ఇచ్చాడట, చాలా మంచివాడట. మీ అమ్మ దగ్గరికి ఎవరెవరు వస్తారని అడిగాడట. ఏం చెప్పారంటే, చిన్నది "శానామంది" అని చేతులు చాపి చూపించింది. పెద్దవాడు ఏమీ చెప్పలేదన్నాడు, కానీ నా కళ్ళలోకి చూడలేదు.

మా వారు ఊళ్ళో లేరు. తలుపు గడియ రెండుసార్లు చూసొచ్చాను. గింజ వేసేముందు మా అమ్మ నా నుదుటి మీద చెయ్యి ఎందుకు వేసిందో నాకిప్పుడు బాగా తెలుసు, ఆమె గింజ సంగతి ఈ కాగితం మీద తప్ప ఎవరికీ చెప్పలేదు. అత్తయ్య దగ్గరనుంచి నేను తెచ్చుకున్నది ధైర్యం కాదు. అడగకుండా ఉండడం ఎంత పెద్ద పనో ఆమె దగ్గర చూశాను, అదొక్కటే నా దగ్గరుంది. అందుకే పెద్దవాణ్ణి రెండోసారి అడగలేదు. నిన్న రాత్రి ఇక్కడిదాకా రాసి ఆపాను.

పొద్దున పిల్లలకి తలలు దువ్వి, ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. ఇవాళ మధ్యాహ్నం కూడా మిల్లు ఆడవాళ్ళు వస్తారని చెప్పాను. ఆ మామ మళ్ళీ అడిగితే ఏం చెప్పాలని పెద్దవాడు అడిగాడు.

"మా అమ్మ పాఠం చెబుతుంది అని చెప్పండి. నా పేరు చెప్పండి, ఇంటి గుర్తు చెప్పండి, గట్టిగా చెప్పండి. ఇంకెవరి పేరూ చెప్పొద్దు."