పాత నెంబరుకు వెళ్ళిన ఓటీపీ

నగరిలో లీలావతి ఉండే వీధిలో పొద్దున ఆరింటికల్లా మరమగ్గాలు మొదలవుతాయి. ఇంటికి రెండో మూడో చొప్పున ఆడుతుంటే పక్క మనిషితో మాట్లాడాలన్నా గొంతు పెంచాల్సిందే. ఆ చప్పుడులోనే పుట్టి పెరిగిన లీలావతికి ఇప్పుడు నలభై ఏడేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. నాయన పోయాక తల్లి భారతమ్మను చూసుకుంటూ, మగ్గాలవాళ్ళకు నూలు కండెలు చుట్టి ఇస్తూ బతికింది. తమ్ముడు నాగరాజు శ్రీ సిటీలో ఫ్యాక్టరీ పని దొరికాక భార్యాపిల్లలతో సత్యవేడుకు మారాడు. రెండేళ్ళ క్రితం భారతమ్మ కూడా చనిపోయింది.

లీలావతికి ఉన్న ఒకే సరదా పాట. ఆమె సెల్లులో ఒక పాటల యాప్ ఉండేది. ఎక్కడివాళ్ళో సగం పాట పాడి పెడితే, మిగతా సగం మనం పాడి కలపవచ్చు. కరెంటు పోయినప్పుడే ఆమె పాడేది, మగ్గాలు ఆగితే గానీ వీధి సద్దుమణగదు కాబట్టి. అందరూ విసుక్కుంటూ అరుగుల మీదికి వస్తే, ఈమె తలుపు దగ్గరికేసి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకునేది. అలా నాలుగేళ్ళలో రెండు వందల పైచిలుకు పాటలు చేరాయి. అందులో ఆమె పేరు ‘నగరి లీల’. వీధిలో ఒక్కరికీ ఆ సంగతి తెలియదు.

వాటిలో ఒక పాట మధ్యలో ఆగిపోయింది. చివరి చరణం అందుకునేలోపు వెనక నుంచి భారతమ్మ గొంతు వినబడుతుంది. “లీలా, కరెంటొచ్చె. నువ్వు పాడతా ఉంటే కండెలు ఎవరు సుడతారు?” ఆ మాట వెంటే మగ్గం మొదలైన చప్పుడు, దాని మీద లీలావతి నవ్వు. చెరిపేద్దామనుకుని బద్ధకించి వదిలేసింది. తల్లి పోయాక వెతికితే ఫోటోలు పన్నెండు దొరికాయి. గొంతు మాత్రం ఆ ఒక్క పాటలోనే ఉంది. దిగులు పుట్టినప్పుడల్లా పాట మొత్తం విని ఆ మాట దగ్గరికి వచ్చేది.

మొన్న శ్రావణంలో నీళ్ళ తొట్టి కడుగుతుంటే సెల్లు అందులో పడిపోయింది. బియ్యంలో పెట్టింది, ఎండలో పెట్టింది. అది మళ్ళీ వెలగలేదు. కొత్తది కొని యాప్ దించుకుంటే, అది ఫోన్ నెంబరు అడిగింది. ఆమె తన ఇప్పటి నెంబరు ఇచ్చింది. వెంటనే తెరుచుకుంది గానీ లోపల ఒక్క పాట కూడా లేదు. కొత్త మనిషికి స్వాగతం చెప్పినట్టు పేరు పెట్టుకోమంది.

బజారులో సెల్లు షాపు నడిపే మురుగేష్ దగ్గరికి పట్టుకుపోయింది.

“అక్కా, ఈ యాప్ పెట్టుకున్నప్పుడు ఏ నెంబరు ఇచ్చినావు?” అని అడిగాడతను.

అప్పుడు తట్టింది. అది పాత నెంబరు. ఏడాదిన్నర కింద నాగరాజు, అందరిదీ ఒకే కంపెనీ అయితే మేలని కొత్త సిమ్ తెచ్చి ఇచ్చాడు. పాత సిమ్ రీఛార్జి లేక చచ్చిపోయింది. పాత సెల్లులో యాప్ తెరిచే ఉంది కాబట్టి మళ్ళీ అడగలేదు. అంతే, ఆమె కూడా మర్చిపోయింది.

మురుగేష్ అయినా ప్రయత్నించాడు. పాత నెంబరు కొట్టి ఓటీపీ పంపమన్నాడు. నిమిషం ఆగి మళ్ళీ పంపమన్నాడు. నెంబరు ముందు దేశం కోడ్ తొంభై ఒకటి ఉందో లేదో చూశాడు, సెల్లు ఆపి వెలిగించాడు, యాప్ తీసేసి మళ్ళీ దించాడు. ఐదోసారి కూడా పంపాక తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. చాలాసార్లు ప్రయత్నించారు, ఇరవై నాలుగు గంటలు ఆగండి అని.

“ఓటీపీ పోతానే ఉండాదక్కా, మనకే రావడంలేదు. నువ్వు వదిలేసిన నెంబరు కంపెనీవాళ్ళు ఇంకెవరికో ఇచ్చేసింటారు. ఆ నెంబరుకే ఫోన్ చేసి అడిగి సూడు.”

పదకొండేళ్ళు తనదైన నెంబరుకు తానే ఫోన్ చేయడం లీలావతికి వింతగా అనిపించింది. స్విచ్ ఆఫ్ అని వచ్చింది. మర్నాడు పొద్దున చేస్తే ఒక పెద్దాయన ఎత్తాడు.

“అన్నా, నా పేరు లీలావతి. నగరి నుంచి మాట్లాడతా ఉండాను. మీ నెంబరు ఇంతకుముందు నాది.”

“నిన్న వరసగా ఐదు మెసేజిలు పంపింది నువ్వేనా? భయపడి ఫోను ఆపేసినాను.”

ఆమె విషయం చెప్పింది.

“ఓటీపీ ఎవరడిగినా సెప్పొద్దని బ్యాంకులో సారు సెప్పినాడు మా. నువ్వు మంచిదానివే అయ్యుండొచ్చు. ఫోన్లో నాకెట్ల తెలస్తాది?”

ఆయన అన్నదాంట్లో తప్పేమీ కనిపించలేదు ఆమెకు. “నేనే వచ్చి కనిపిస్తే సెప్తావా అన్నా?” అంది.

“దానికోసరం ఇంత దూరం వస్తావా?” అని ఆయన ఆశ్చర్యపోయి, “వస్తే రా. అలిపిరి దారిలో బండ్ల స్టాండు కాడ కాపలా ఉంటాను. వరదయ్య అని అడుగు” అన్నాడు.

దిగేసరికి యాప్ పెట్టిన గడువు కూడా తీరుతుందని, ఆ రోజు కండెల బుట్ట ముట్టకుండా లీలావతి తిరుపతి బస్సెక్కింది. పుత్తూరు దాటాక కిటికీ పక్క సీటు దొరికింది. ఆ మనిషి మనసు మార్చుకుంటే ఏం చేయాలో దారి పొడుగునా ఆలోచించింది. ఏమీ తోచలేదు.

వరదయ్యకు అరవై దాటి ఉంటాయి. ఖాకీ చొక్కా, ప్లాస్టిక్ కుర్చీ, చేతిలో బటన్ల ఫోను. నడిచి కొండెక్కేవాళ్ళు వదిలిపోయిన కార్ల మధ్య కూర్చుని ఉన్నాడు. ముందు ఆధార్ కార్డు అడిగాడు. ఫోటోనూ మొహాన్నీ మార్చి మార్చి చూసి, “సరే మా, పంపించు” అన్నాడు.

ఆమె నెంబరు కొట్టింది. ఇద్దరూ ఆ చిన్న ఫోను వైపు చూస్తూ కూర్చున్నారు. నిమిషం గడిచినా ఏమీ రాలేదు. రెండోసారీ రాలేదు. ఇంకో మూడుసార్లు పోతే మళ్ళీ ఒక రోజు ఆగాలి. ఆమె ఫోను అడిగి తీసుకుని చూస్తే, పైన కవరు బొమ్మ ఆగి ఆగి వెలుగుతోంది.

“అన్నా, మెసేజిలు నిండిపోయినాయి. కొత్తది పట్టే చోటు లేదు. పాతవి కొన్ని తీసేయల్ల.”

“అన్నీనా?” అన్నాడాయన.

తెరిచి చూస్తే నిన్నటి ఐదు ఓటీపీలు తప్ప అన్నీ ప్రకటనలే. ఆఫర్లు, లోన్లు, పండగ శుభాకాంక్షలు.

“నాకొచ్చేది అవే మా. ఉగాదికి ఒకటి వచ్చింది, అందులో నా పేరు కూడా రాసినారు. దాన్ని మాత్రం ఉండనీ.”

ఆ ఒక్కటీ ఉంచి, మిగతావి ఒక్కొక్కటే తీసేసింది. మూడోసారి పంపగానే ఫోను కూసింది. వరదయ్య కళ్ళకు దూరంగా పట్టుకుని ఆరంకెలూ చదివాడు. ఆమె కొట్టింది. తప్పు అని వచ్చింది. తీరా చూస్తే ఇందాక ఆగిపోయిన మెసేజిలు కూడా కలిసి వచ్చాయి, ఆయన వాటిలో పాతది చదివాడు. కొత్తది తెరిచి ఈసారి ఆమే చూసి కొట్టింది.

‘నగరి లీల’ అని తెర మీదికొచ్చింది. కింద పాటలన్నీ ఉన్నాయి. ముందుగా సెట్టింగుల్లోకి వెళ్ళి పాత నెంబరు తీసి ఇప్పటిది పెట్టింది. దానికి ఇంకో ఓటీపీ తన సెల్లుకే వచ్చింది. అప్పుడు గానీ ఊపిరి పీల్చుకోలేదు.

“నీ పాటలేనా ఇవి? ఒకటి పెట్టు” అన్నాడు వరదయ్య.

ఆమె ఆ పాటే పెట్టింది. ఆయన తల పక్కకు వంచి విన్నాడు. భారతమ్మ మాట వచ్చేసరికి తలెత్తాడు.

“మీ అమ్మా?”

“ఊ.”

“ఇంకోసారి పెట్టు మా. మాది కార్వేటినగరం. మా పక్క ఇట్లనే మాట్లాడతారు. ఈడ అన్ని ఊర్లోళ్ళూ వస్తారు గానీ, నాతో బండి యాడ పెట్టల్ల అని తప్ప ఎవురూ మాట్లాడరు.”

ఆ పాట మూడుసార్లు విన్నారు. లీలావతి లేచి చెప్పులు వేసుకుంది. బయల్దేరబోతూ, అప్పటిదాకా అడగాలా వద్దా అనుకున్న మాట అడిగేసింది.

“అన్నా, ఈ నెంబరుకు నాకోసరం ఎవరైనా ఫోన్ చేసినారా?”

వరదయ్య నిజంగానే ఆలోచించాడు. “నాకిచ్చి ఎనిమిది నెలలైంది మా. లీలావతి అని ఎవురూ అడగలేదే.” ఆమె మొహం చూసి, “నేను బండ్ల మధ్య ఉండి ఎత్తకపోయింటానేమో, అప్పుడేమైనా చేసినారేమో” అన్నాడు.

అది తన కోసం చెప్పిన మాటేనని ఆమెకు అర్థమైంది. తిరుగు బస్సులో ఆ నెంబరు ఎవరెవరి దగ్గర ఉండేదో గుర్తు తెచ్చుకుంది. పుత్తూరులో పెద్దమ్మ కూతుళ్ళు, బడిలో కలిసి చదివిన లోకేశ్వరి, అమ్మకు ఆసుపత్రిలో తోడున్న ఆయమ్మ. కొత్త నెంబరు వీళ్ళెవరికీ ఇవ్వలేదు. అవసరమైతే పాతదానికి చేసి, తగలకపోతే నాగరాజును అడుగుతారులే అనుకుంది అప్పట్లో. ఎవరూ అడగలేదు. తాను కూడా వాళ్ళకు చేయలేదు కదా అనుకుంది. అలా అనుకున్నా బాధ తగ్గలేదు.

ఇల్లు చేరాక ఆ పాట మళ్ళీ పోకూడదని నాగరాజుకు వాట్సాప్‌లో పంపింది, అమ్మ గొంతుంది విను అని రాసి. మర్నాడు దండం పెట్టే బొమ్మ ఒకటి వచ్చింది. విన్నాడో లేదో ఆమె అడగలేదు.

యాప్‌లో కూడా ఆమె లేని లోటు ఎవరికీ తెలిసినట్టు లేదు. ఆమె కలిపి పాడే గొంతులు ఇంకెవరితోనో కలిసి పాడుతున్నాయి. రెండు రోజులు వాటిని వింటూ ఊరుకుంది. మూడోరోజు ఒకదానికి తన సగం పాడి కలిపింది. ఎవరో ఒక పువ్వు బొమ్మ పెట్టారు.

దీపావళికి మగ్గాలవాళ్ళు సెలవు తీసుకున్న మధ్యాహ్నం, ఏమీ తోచక పాత నెంబరుకు ఫోన్ చేసింది.

“నగరి లీలవా?” అన్నాడు వరదయ్య. “ఏం మా, మళ్ళా ఓటీపీనా?”

“లేదన్నా. ఊరికే చేసినాను. తిన్నావా?”

తిన్నానని చెప్పాడు. ఆ ప్రశ్నకు అలవాటు తప్పినట్టుంది, ఏం తిన్నాడో కూడా వివరంగా చెప్పాడు. ఫోను పెట్టేస్తాడేమో అనుకుంటుండగా, “నా ఫోన్లో ఆ యాప్‌లూ అవీ రావు గదా. ఒక పాట ఇట్లనే పాడు మా, వింటాను” అన్నాడు.

తోడు సంగీతం లేకుండా, రెండో గొంతు లేకుండా ఆమె ఎన్నడూ పాడలేదు. మొదటి మాట దగ్గరే శ్రుతి తప్పింది. ఆగి, నీళ్ళు తాగి, మళ్ళీ ఎత్తుకుంది. అవతల నుంచి మధ్యమధ్యలో ఊ అనడం తప్ప ఏమీ వినబడలేదు. రెండో చరణంలో ఉండగా హారన్ మోగింది.

“బండొచ్చింది మా” అన్నాడు వరదయ్య. “మిగిలింది రేపు పాడతావా?”

“పాడతాను అన్నా.”