దక్షిణం వైపు చెరిగిన ముగ్గు

పుణ్యవతికి కుట్టుపని ఎవరూ నేర్పలేదు. తణుకు దగ్గర పల్లె నుంచి పెళ్లయి కూకట్‌పల్లి వచ్చిన కొత్తలో, భర్త కరెంటు ఆఫీసుకు వెళ్లాక, తన పాత రవికల కుట్లు విప్పి ముక్కలు నేలమీద పరుచుకుని చూసేది. చంక దగ్గర ఆ వంపు ఎందుకో, వీపున ఆ మడత ఎందుకో తనలో తనే తర్కించుకుని మళ్లీ కుట్టేది. కొన్ని రవికలు పాడయ్యాయి. పాడవనిదాన్ని చూసి పక్కింటావిడ తనకూ ఒకటి కుట్టిపెట్టమంది.

అలా మొదలైన పని కొన్నేళ్లకు కాలనీ నడిబొడ్డున, రేకుల షెడ్డులో కుట్టు క్లాసయింది. వానొస్తే షెడ్డు కారేది, ఎండొస్తే పెనంలా కాలేది. అయినా మధ్యాహ్నం అన్నాలయ్యాయంటే మిషన్ల చప్పుడు వినపడాల్సిందే. కాలనీ ఇళ్ల ఆడవాళ్లు వచ్చేవారు. మాదాపూర్ వైపు లేస్తున్న అద్దాల భవనాల్లో పనిచేసే కూలీల ఇళ్ల నుంచి ఆడపిల్లలు బస్సెక్కి వచ్చేవారు. నేర్చుకున్నవాళ్లలో కొందరు ఇంట్లోనే మిషను పెట్టుకుని నాలుగు మెతుకులు సంపాదించుకుంటున్నారు. ఆ సంగతి పుణ్యవతి ఎక్కడా చెప్పుకునేది కాదు గానీ, పండక్కి వాళ్లు కుట్టిన గౌనులు వీధిలో కనపడితే ఆగి మరీ అంచులు తిప్పి చూసేది.

తొంభై ఎనిమిదిలో ఆ షెడ్డు తీసేసి కమ్యూనిటీ హాలు కట్టాలని కాలనీ తీర్మానించింది. సిమెంటు సర్కారుది, చందాలూ శ్రమదానమూ కాలనీవాళ్లవి. రోడ్లు భవనాల శాఖలో పనిచేసి రిటైరైన సీతారామయ్య గారు కమిటీ పెద్ద. ప్లాను ఆయనే గీశారు. చెయ్యి తిరిగినవాడి గీత అది. పుణ్యవతి మీటింగుకు రెండు కోరికలతో వెళ్లింది. కుట్టు క్లాసుకు ఒక గది కావాలి. దక్షిణం వైపు గుమ్మం ఉండకూడదు.

"శుభకార్యాలు జరిగే చోటండీ. దక్షిణం గుమ్మం పెడితే నేనైతే గడప తొక్కను" అంది.

కాదనేవాళ్లు ఎవరూ లేకపోయారు. సీతారామయ్య గారు తూర్పున గుమ్మం పెట్టారు. ఆగ్నేయం మూల పుణ్యవతికి గది ఇచ్చారు. దక్షిణమంతా కిటికీ కూడా లేని గోడ.

ఆ దక్షిణం వైపే బస్‌స్టాపు ఉంది. షెడ్డు చూరు కింద కూరగాయల వాళ్లు కూర్చునేదీ అటే. హాలు వచ్చాక వాళ్లు వెనక్కి, ఉత్తరం వైపు మురికి కాలువ పక్కకు పోవాలి. మెదక్ నుంచి వచ్చి ఇక్కడే ఆకుకూరలమ్మే రాజమ్మకు ఆ మాట చెప్పే పని పుణ్యవతి మీద పడింది.

"ఉత్తరం మంచిదే రాజమ్మా. కుబేరుడి దిక్కు, వ్యాపారం కలిసొస్తుంది."

"కుబేరుడొచ్చి నా తోటకూర కొంటడా అమ్మా?" అంది రాజమ్మ. "గా మోరీ కాడికి నువ్వొస్తవా, చెప్పు?"

పుణ్యవతి ఏదో పని గుర్తొచ్చినట్టు అక్కణ్ణుంచి వచ్చేసింది.

శ్రమదానంలో షెడ్డు విప్పేశారు. నేల చదును చేశారు. తెల్లారితే భూమిపూజ అనగా, ముందురోజు పొద్దున్నే పోచయ్య మేస్త్రి పునాదులకు ముగ్గు పోయడానికి వచ్చాడు. మామూలుగా ముగ్గు పోయగానే గడ్డపార దిగుతుంది. పుణ్యవతి మాత్రం సీతారామయ్య గారిని అడిగింది.

"నేను పేపరు కత్తిరించి ఒంటికి పెట్టి చూశాకే బట్ట కోస్తానండీ. ఈ ముగ్గు ఒక్క పూట ఇలాగే వదిలేయించండి. నా మిషన్లు పడతాయో లేదో చూసుకుంటాను."

"ఉండనీ సారూ," అన్నాడు పోచయ్య. "పూజ రేపు గద. ముగ్గేం గడ్డి తింటదా?"

పుణ్యవతి వంట ముగించుకుని టేపు పట్టుకుని వచ్చేసరికి, ముగ్గులో ఆమె గది ఉన్నచోట మధ్యలో రాజమ్మ గోనెపట్టా పరుచుకుని కూర్చుంది.

"ఇదేంటి? నా క్లాసులో అంగడి పెట్టావేం?"

"నేనేడికొచ్చిన? రోజు కూసునే జాగే. గోడ ఏడున్నదో జర సూపియ్యి."

పుణ్యవతి చూపించబోయింది. తూర్పు, పడమర, ఉత్తరం గీతలు పోసినవి పోసినట్టే తెల్లగా ఉన్నాయి. దక్షిణం గీత లేదు. పొద్దుట్నుంచి బస్సు దిగినవాళ్లు, బస్సుకు పోయేవాళ్లు, కూరలకు వచ్చినవాళ్లు దాన్ని తొక్కి తొక్కి చెరిపేశారు. ఎవరూ పంతం పట్టి చెరపలేదు. తెల్లటి అడుగులు బస్‌స్టాపు నుంచి రాజమ్మ గంపదాకా వచ్చి, అక్కణ్ణుంచి కాలనీలోకి పోతున్నాయి.

ఆమె టేపు చుట్టేసి అక్కడే నిలబడిపోయింది. జనం నడిచే దారికి అడ్డంగా గోడ అడిగింది తనే. ఆ గోడ తీసేస్తే గది ఉండదు. గది లేకపోతే మిషన్లెక్కడ? ఇన్నేళ్లు కారే షెడ్డులో ఓర్చుకున్నది నాలుగు గోడల కోసమే. తన క్లాసు పిల్లలు బస్సు దిగేదీ ఇటే కదా అని అప్పుడు తోచింది. వాళ్లకూ ఎదురయ్యేది ఆ గోడే, చుట్టూ తిరిగి రావాలి. ఎంతమంది వస్తారు?

సీతారామయ్య గారిని పిలుచుకొచ్చింది.

"నా గదికి గోడలు తీసేయండి. స్తంభాలు వేసి, పైన స్లాబు వేసి, దక్షిణం పొడుగునా అరుగు చేయండి. పొద్దున వీళ్ల కూరలు. మధ్యాహ్నం నా క్లాసు."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "దక్షిణం తెరవమంటున్నది మీరేనా పుణ్యవతి గారూ? ఆ రోజు మీటింగులో దక్షిణం వద్దని కుర్చీ ఎక్కి అరవడం ఒక్కటే తక్కువ!"

"గుమ్మం వద్దన్నానండీ. అరుగు వద్దన్లేదు."

రాజమ్మ పకపకా నవ్వింది. "అమ్మ నోటికి తాళం లేదు సారూ!"

ఆయన కూడా నవ్వారు గానీ, కళ్లు అప్పటికే నేల మీద ఉన్నాయి. "సరే, మిషన్లు రాత్రి ఎక్కడుంటాయి? ఎత్తుకుపోరూ?" అంటూ అడుగులతో కొలుచుకున్నారు. "పోచయ్యా, హాల్లో వచ్చే స్టేజీ రెండడుగులు వెనక్కి జరుపు. దాని పక్కన తాళం వేసుకునే చిన్న గది వస్తుంది. మిషన్ల కాళ్లకు చక్రాలు వేయిద్దాం, తోసుకుంటే చాలు." పుణ్యవతికి తట్టని ముక్క అది. ఆయన మీద గౌరవం ఆ పూట ఒక మెట్టు పెరిగింది.

పోచయ్య పాత గీతలు చీపురుతో ఊడ్చి కొత్త ముగ్గు పోశాడు. మర్నాడు ఆ గీతల మీదే గడ్డపార దిగింది. ఇసుక తట్టలందించే వరసలో పుణ్యవతి, రాజమ్మ పక్కపక్కనే నిలబడ్డారు. ఇద్దరికీ క్షణం పడేది కాదు. తట్ట ఇలా పట్టుకో అంటే అలా పట్టుకో అని.

మరుసటేడు వేసవికి ముందు హాలు తయారయింది. క్లాసు మొదటి రోజు పుణ్యవతి మిషన్లు తోసుకొచ్చేసరికి, మిగతా కూరలవాళ్లు లేచిపోయినా రాజమ్మ కదల్లేదు.

"జర ఆగమ్మా. గీ గోంగూర పోతే లేస్త."

పిల్లలు గుడ్డలు పట్టుకుని ఎదురు చూస్తున్నారు. కోరుకున్న గది కాదు, అందులో సగం కూడా కాదు. పైగా తడి గోనెపట్టాల వాసన. అయితే ఒక్క పిల్లా మానలేదు, కొత్తవాళ్లు ఇద్దరు కూడా వచ్చారు.

"కూర్చో. గంప అటు జరుపు, చాలు" అంది పుణ్యవతి. మొదటి మిషను గోంగూర కట్టల పక్కనే నిలిపి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, పిల్లల్ని దగ్గరకు పిలిచింది.